బోర్డు మీది ఉత్తరం

అరోరా నుంచి షికాగో వెళ్లే రైల్లో నా పక్కన కూర్చున్న యాభై ఏళ్ల తెలుగాయన, "బాగున్నానమ్మా, బాగా తింటున్నా" అని ఫోన్ పెట్టేశారు. ఆసుపత్రిలో వేసిన ప్లాస్టిక్ పట్టీ ఆయన చేతికి ఇంకా ఉంది. నేను దాన్ని చూడటం గమనించారు.

"ఆరేళ్లకే హాస్టల్లో వేశారండి. ప్రతి ఆదివారం వార్డెన్ బోర్డు మీద ఉత్తరం రాసేవాడు. అందరం అదే కాపీ చేసి ఇంటికి పంపాలి. బాగున్నాను, బాగా తింటున్నాను. జ్వరమొచ్చినా అదే. ఇవాళ క్యాన్సరని అమ్మకి చెప్దామనే ఫోన్ చేశా. నోట్లోంచి మళ్లీ అదే వచ్చింది."

"మీకోసం ప్రార్థన చేయనా, బ్రదర్?"

"దేనికండీ? బాగానే ఉన్నాగా" అంటూ పట్టీని చొక్కా చేతి లోపలికి నెట్టేసుకున్నారు.

ఇప్పుడు మా సంఘంలో ఎవరైనా లేచి, ప్రభువు కృపవల్ల బాగున్నామని సాక్ష్యం చెబితే, ఆమెన్ అనే ముందు వాళ్ల చేతుల వైపు చూస్తాను.