బొట్టు పెట్టిన సీసా

ఈ పరాయి దేశంలో, క్యారీ ఊరు దాటి పొలాల మధ్య గంటసేపు డ్రైవ్ చేస్తే ఆ ద్రాక్షతోట వచ్చేది. మొదటిసారి దారి తప్పి వెళ్లాం. ఒకప్పుడు పొగాకు పండించిన నేల అది. గిట్టుబాటు కాక అక్కడి ముసలాయన ద్రాక్షతీగలు వేశాడు. పచ్చి పొగాకుని వేడితో ఆరబెట్టిన పాత బ్యారన్ కొట్టంలోనే వైన్ తయారుచేసేవాడు. నేను ఒంగోలు వైపు పొగాకు రైతు కొడుకుని. లోపల అడుగుపెట్టగానే మా నాన్న చొక్కా వాసన వచ్చింది. పొగాకుతో మా నాన్న మునిగినట్టు ఈయన కూడా మునిగిపోకూడదని ఆ క్షణంలోనే అనుకున్నాను.

"పెద్ద కంపెనీల ముందు నేనెంత? ఒక్కరు మూత తీసి తాగితే, రెండో సీసాకి వాళ్లే వస్తారు. అదే నా వ్యాపారం" అన్నాడాయన.

స్నేహితుడి కొత్త ఇంటికి ఇద్దామని ఒక సీసా కొన్నాం. మా ఆవిడ దాని లేబుల్ మీద తడి కుంకుమతో బొట్టు పెట్టింది. "కారుకి పెట్టలేదా? ఆయన తోట చల్లగా ఉండాలండీ" అంది.

ఆ తర్వాత మా తెలుగువాళ్లుండే మోరిస్‌విల్‌లో ఎవరింటికి డిన్నర్‌కి వెళ్లినా ఆ తోట వైనే పట్టుకెళ్లాను. "భలే తెచ్చారండీ" అని పక్కన పెట్టి, స్కాచ్ తీసేవారు. తర్వాత అడిగితే "సూపర్‌గా ఉందండీ" అనేవారు. నమ్మాను.

వెళ్లినప్పుడల్లా ముసలాయన అడిగేవాడు, మీవాళ్లకి నచ్చిందా అని. చాలా నచ్చిందనేవాణ్ణి. "మరి రారేం?" అన్నాడు ఒకసారి. ఆఫీసు పనుల్లో తీరిక లేదని నాకు తోచింది చెప్పాను. ఆయన తల ఊపి బల్ల తుడుచుకున్నాడు.

ఒక వసంతంలో ఆలస్యంగా పడిన మంచుకి చిగుళ్లన్నీ మాడిపోయాయి. శీతాకాలానికల్లా గేటుకి గొలుసు పడింది. మరుసటేడు వెళ్తే తీగలు పీకేసి ఉన్నాయి. ప్లాట్ల కోసం కర్రలు పాతారు. కారులో కూర్చుని ఏడ్చాను.

ఆ ఏడే మా అమ్మాయి పుట్టినరోజుకి ఎవరో గిఫ్ట్ బ్యాగ్ తెచ్చారు. అందులో ఆ తోట సీసా. లేబుల్ మీద నల్లబడిన బొట్టు. మేమిచ్చింది వీళ్లకి కాదు, కొత్త ఇంటి స్నేహితుడికి. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, అది ఇంటింటికీ తిరిగి చివరికి మాకే వచ్చింది. సీలు కూడా కదల్లేదు. మిగతా సీసాల గతీ ఇంతేనని అప్పుడు అర్థమైంది. నా ఒళ్లు మండిపోయింది, కానీ ఎవరిని తిట్టను?

అందరూ వెళ్లాక మా ఆవిడ సీసాని అటూ ఇటూ తిప్పి చూసింది.

"పోనీలెండి. వచ్చే వీకెండ్ డిన్నర్ ఉందిగా, వాళ్లకిచ్చేద్దాం."

నేను మూత తీశాను. ఎన్ని గరాజుల్లో వేడికి మగ్గిందో, పులిసిపోయింది. అయినా గ్లాసు నిండా పోసుకుని ఆఖరి చుక్కదాకా తాగాను. రెండో సీసాకి వెళ్దామంటే తోట లేదు.