వెర్నా గీసిన ఎర్ర గీత

నార్డాల్‌లో ఏటి పండగకి పెద్ద ఎవరని అడిగితే కమిటీవాళ్ళ పేర్లు ఎవరూ చెప్పరు. ఆర్విడ్ స్కోగెన్ థర్మామీటరు అంటారు. వంతెన కమ్మీకి తాడు కట్టి దాన్ని టామరాక్ ఏట్లోకి వేలాడదీస్తాడు. పొద్దున్నే పైకి లాగి చూసి, పక్కనున్న పలక మీద సుద్దముక్కతో 'గాలం వేయొచ్చు' అనో 'వేయకూడదు' అనో రాస్తాడు. ఇక దానికి తిరుగులేదు.

ట్రౌట్ చల్లనీళ్ళ చేప. ఆ ఏట్లో దాన్ని కూర కోసం పట్టేవాళ్ళు లేరు. ముల్లు మీద ఈకలూ దారమూ చుట్టి ఈగలాంటిది కడతారు, దాన్ని నీళ్ళ మీదికి విసురుతారు, చేప చిక్కితే కాసేపు చూసుకుని మురిసి మళ్ళీ వదిలేస్తారు. కానీ నీళ్ళు వెచ్చబడ్డప్పుడు ముల్లుకి చిక్కి పెనుగులాడిన చేప, వదిలినా బతకదు. కాస్త దూరం ఈది వెల్లకిలా తేలుతుంది. అందుకే థర్మామీటరు మీద ఒక ఎర్ర గీత ఉంది. ఆ గీత దాటిందా, గాలాలన్నీ ఇంటి గోడలకే. గీసింది ఆర్విడ్ భార్య వెర్నా, తన గోళ్ళరంగుతో.

ఆర్విడ్ మొదట్నుంచీ అంతే. వయసులో ఉన్నప్పుడు చీజ్ ఫ్యాక్టరీకి పాల లారీ తోలేవాడు. ప్రతి రైతు పశువుల పాకలోనూ పాలు తగినంత చల్లగా ఉన్నాయో లేదో చూసుకునే ఎక్కించుకోవాలి. ఒక వేసవిలో వెర్నా అక్క బెర్నీస్ ఇంటి పాలు వెచ్చగా తగిలాయని, ఒక్క చుక్క తీసుకోకుండా వెళ్ళిపోయాడు. బెర్నీస్ లారీ వెనకాల పరిగెత్తింది.

"సొంత చెల్లెలి మొగుడివయ్యుండి నా పాలు నేలపాలు చేస్తావా? నీది గుండా, ఐసుగడ్డా?"

ఆ సంగతి విని వెర్నా పొట్ట పట్టుకుని నవ్వింది. "ఆ ఐసుగడ్డతో కాపురం చేస్తున్నది నేనా, నువ్వా? ఊరుకోవే అక్కా!" అంది.

గాలం విసరడంలో ఊళ్ళో వెర్నా తరవాతే ఎవరైనా. విచిత్రమేమిటంటే, చేపని ఒడ్డుకి లాగాలన్న ఆశ ఆమెకి లేదు. అడుగునున్న చీకట్లోంచి చేప మెల్లగా పైకొచ్చి, మూతి తెరిచి ఈగని అందుకుంటుందే, ఆ ఒక్క క్షణం చాలు ఆవిడకి. తరవాత దారం వదులు చేసి పోనిచ్చేది. ఆర్విడ్‌కి ఒళ్ళు మండేది.

"నోటిదాకా వచ్చిందాన్ని పోగొట్టుకుంటావేమే?"

"వచ్చింది, చూశాను. ఇంకేం చేసుకుంటానయ్యా?"

ఆ మాట ఆర్విడ్‌కి ఏనాడూ తలకెక్కలేదు.

ఒక చలికాలంలో వెర్నాకి జబ్బు బయటపడింది. కడుపులో మొదలై అంతటా పాకింది. వైద్యులు చేతులెత్తేశారు. ఆవిడ ఏడవలేదు. "ఏటి పండగదాకా ఉంటే చాలు," అంది. అన్న మాట ప్రకారమే ఉంది. లేనిదల్లా చల్లదనమే. ఆ జూన్‌లో ఎండలు నిప్పులు చెరిగాయి. శనివారం పొద్దున ఆర్విడ్ తాడు లాగి చూస్తే పాదరసం ఎర్ర గీత దాటి ఉంది.

పలక చూసి, బీరు డేరా నడిపే గోర్డీ లబోదిబోమన్నాడు. "ఒరే ఆర్విడ్, చికాగో నుంచి జనం వచ్చార్రా! ఒక్క గంట కళ్ళు మూసుకోరాదూ?"

"చేపలు కళ్ళు మూసుకుంటాయి, పర్లేదా?" అన్నాడు ఆర్విడ్.

పండగ గట్టు మీదే జరిగింది. బడి పచ్చిక మీద వలయాలు పరిచి గాలం విసిరే పోటీలు పెట్టారు. డేరా కింద ఈగలు కట్టడం నేర్పారు. చర్చి ఆడవాళ్ళు రూబార్బ్ అనే పుల్లటి కాడలు కూరి కాల్చిన తీపి 'పై'లు అమ్మారు. వెర్నా మడతకుర్చీలో కూర్చుంది. అంత ఎండలోనూ, గాలం వేసేటప్పుడు తొడుక్కునే జేబుల చొక్కా వేసుకునే వచ్చింది. అది ఆమె భుజాల మీద నిలవక జారిపోతోంది.

పొద్దు వాలుతుండగా ఆర్విడ్ చెయ్యి పట్టుకుంది.

"వంతెన దిగువన మలుపు దగ్గరికి తీసుకెళ్ళవయ్యా. ఒక్కసారి విసిరి వచ్చేస్తా."

"గీత దాటిందే."

"తెలుసు. గీసిందే నేను. చెప్పేది విను, ఇదిగో..." అంటూ జేబులోంచి ఏదో తియ్యబోయింది.

"వద్దు వెర్నా. ఊరందర్నీ ఆపి నా పెళ్ళాన్ని దింపితే, రేపు ఏ మొహం పెట్టుకుని పలక మీద రాయను? చల్లబడనీ, నేనే ఎత్తుకుని తీసుకెళ్తా."

వెర్నా అతని ముఖంలోకి చూసింది. గుప్పిట మూసి, ఆ చేతిని మళ్ళీ జేబులో పెట్టుకుంది. "సరేలే," అంది. బెర్నీస్ తెచ్చిన 'పై' ముక్కలో సగం తిని, మిగతాది ఆర్విడ్‌కి ఇచ్చింది.

ఏరు చల్లబడేసరికి ఆమె మంచం దిగలేని స్థితిలో ఉంది. ఆగస్టు చూడకుండానే పోయింది. అంత్యక్రియలయ్యాక చర్చి కింది గదిలో కాఫీలు పోస్తున్నప్పుడు గోర్డీ అందరూ వినేలా అన్నాడు, "కట్టుకున్నదాని కోసం కూడా గీత దాటలేదు. అదీ మనిషంటే!" అంత దుఃఖంలోనూ ఆ మాటకి ఆర్విడ్ గుండె కాస్త పొంగింది. ఆ చలికాలమంతా ఎవరు కదిపినా ఆ శనివారం సంగతి తనే చెప్పుకున్నాడు. చెప్పినప్పుడల్లా తల కొంచెం పైకెత్తి చెప్పాడు.

మరుసటి ఏడు పండగకి వానలు కలిసొచ్చి ఏరు జిల్లుమంటోంది. పలక మీద 'వేయొచ్చు' అని రాసి, ఆర్విడ్ వెర్నా జేబుల చొక్కా తీసుకుని ఈగలు కట్టే డేరాకి వెళ్ళాడు. కొత్తగా నేర్చుకునేవాళ్ళెవరికైనా ఇవ్వమని బెర్నీస్ చేతిలో పెట్టాడు. ఆమె జేబులు తడిమి చూస్తూ ఒక చిన్న ఈగని బయటికి తీసింది. తెల్ల రెక్కలది, వెర్నా చేతిపని. ముల్లు మాత్రం వంపు దగ్గర తెగిపోయి ఉంది.

"విరిగిపోయింది, పారెయ్యి," అన్నాడు ఆర్విడ్.

"విరగడమేంటి, కత్తిరించింది నేనే కదా! పోయినేడు పండగ పొద్దున దాని చేతుల్లో సత్తువ లేక నాచేత కత్తిరింపించింది. ముల్లు లేకుండా ఏం పడతావే అంటే, 'ఏమీ పట్టనే అక్కా. అది పైకొచ్చి అందుకుంటే చూస్తానంతే. చేపకీ నొప్పుండదు, ఆయన పలకకీ మాట రాదు' అంది." బెర్నీస్ ఆగింది. "నీకు చూపించలేదా?"

ఆర్విడ్ ఆమె చేతిలోని ఈగ మీదికి వంగి, తెగిన ముల్లుని వేలితో తడిమాడు.

"చూపించబోయింది. నేనే చూపించనివ్వలేదు."

బెర్నీస్ నోరు మంచిదని ఊళ్ళో ఎవరూ అనరు. ఆ పూట మాత్రం ఈగని అతని అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

అతను మలుపు దగ్గర నీళ్ళలోకి దిగాడు. ఆ ఈగని దారానికి ముడేశాడు. విసిరాడు. తెల్ల రెక్కలు నీళ్ళ మీద వాలి, మెల్లగా తేలుతూ వచ్చాయి. కింద నల్లటి నీళ్ళలో ఏదో కదిలింది. చేప తొందర లేకుండా పైకొచ్చి, మూతి తెరిచి, ఈగని అందుకుంది.

అలవాటు కొద్దీ ఆర్విడ్ చెయ్యి ఎగలాగింది. దారం ఉత్తిగా తిరిగొచ్చింది. నీళ్ళ మీద వలయాలు విచ్చుకుని మాసిపోయాయి.

వెర్నా అడిగింది ఇంతే. ఎర్ర గీత ఎక్కడిదక్కడే ఉండేది, ఆమె ఇది చూసి ఉండేది. ఒక్క మాట చివరిదాకా విని ఉంటే సరిపోయేది.

ఒడ్డునున్న రాయి మీద కూలబడి, టోపీ ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

వంతెన మీద జనం ఆగి చూశారు. గోర్డీ బీరు గ్లాసు పైకెత్తి కేకేశాడు, "ఒక్క చేప పోతే అంత దిగులేంట్రా! చల్లటి నీళ్ళు, బోలెడు పొద్దుంది. మళ్ళీ విసురు!"

ఆర్విడ్ టోపీ తియ్యకుండానే, సరేనన్నట్టు చెయ్యి ఊపాడు.