పెద్దమ్మ బొట్టు

భర్త పోయిన స్త్రీ బొట్టెందుకు తీసేయాలని నా బ్లాగు కోసం వ్యాసం రాశాను. పైన పెట్టడానికి బొమ్మ కావాలి. నరసరావుపేటలో మా పక్కింటి పెద్దమ్మ, పెదనాన్న పోయి చాలా ఏళ్లయినావిడ, అరుగు మీద మిరపకాయల తొడాలు తీస్తుంటే అడిగి ఫొటో తీసుకున్నాను. నెట్‌లో ఉచితంగా దొరికే ఎడిటింగ్ సైటులో ఆమె వెనకున్న గోడను చెరిపేశాను. ఆ ఊపులో, ఆమెను అడక్కుండానే, ఖాళీ నుదుటి మీద ఎర్రటి చుక్క పెట్టాను. ఎన్ని సభల్లో వాదించినా కదలని ఆచారాన్ని ఒక్క క్లిక్కుతో ఓడించానని సంబరపడ్డాను.

ఫోన్ చూపించాక గానీ నా తప్పు నాకు తెలియలేదు. పెద్దమ్మ చేతులు ఆగిపోయాయి.

"ఏందిరా ఇది?"

"తీసేస్తా పెద్దమ్మా. నిన్ను అడక్కుండా పెట్టాను."

"అది కాదురా. ఇంత చిన్నదా? నేను రూపాయి బిళ్లంత పెట్టేదాన్ని."

అక్కడే కూర్చుని చుక్కను పెద్దది చేశాను. "ఇంకాస్త," అంది రెండుసార్లు. మిరప ఘాటు అంటిన వేళ్లు తగలకుండా మోచేత్తో కళ్లు తుడుచుకుంది.

"బ్లాగులో పెట్టనా?"

"ఎవురికీ చూపించమాక. నా ఫోనుకి పంపు."

పంపాను. వ్యాసం పైన ఉత్త ఎర్రరంగు పలక పెట్టి, దాని మీద శీర్షిక రాశాను.