ఖాళీ చెయ్యి చూపించినవాణ్ణి నేనే

ఎనిమిదేళ్ళుగా ఒక మాట నా గొంతులో ఉంది. బయటికి రాదు, కిందికి దిగదు. చేప ముల్లు గుచ్చుకుంటే అన్నం ముద్ద మింగమంటారు. ఎనిమిదేళ్ళుగా ముద్దలు మింగుతూనే ఉన్నాను. ఆ ముద్దలు వండి పెట్టేది ఎవరో కాదు, ఆ మాట ఎవరికి చెప్పాలో ఆమే. నా భార్య.

నా పేరు మీకు అక్కర్లేదు. గురజాల దగ్గర ఒక ఊళ్ళో ఆటో తోలుతాను. ఎనిమిదో తరగతిలో ఒకరోజు లెక్కల మాస్టారు రాలేదనుకుని ఆయన గొంతుతో హాజరు పిలిచాను. ఆయన తలుపు దగ్గరే నిలబడి ఉన్నారు. మర్నాటి నుంచి నేను బడికి పోలేదు. ఆ గొంతులు పెట్టే విద్య మాత్రం నాతోనే ఉండిపోయింది. బ్యాంకు మేనేజరు, బస్సు కండక్టరు, ఊళ్ళోకొచ్చే లీడర్లు, ఎవరి గొంతైనా సరే. చావు ఇంటికి వెళ్ళినా నా పక్కన కూర్చోడానికి జనం జరుగుతారు. నవ్విస్తాను కదా. నాకు దక్కిన మర్యాద అదొక్కటే. అది పోతుందేమోనని ఎప్పుడూ భయపడుతూనే ఉన్నాననుకుంటాను.

తొమ్మిదేళ్ళ కిందట ఒక కుక్కపిల్ల మా ఇంటికి నా ఆటోలోనే వచ్చింది. వాన పడుతుంటే వెనక సీటు కింద దూరింది. నల్లగా ఉందని బొగ్గు అని పేరు పెట్టాను. నేను చేసింది అంతవరకే. మిగతాదంతా నా భార్య చేసింది.

మా వైపు కుక్కకి నేర్పడమంటే కర్ర చూపించడమే. ఆమె డిగ్రీ మొదటి సంవత్సరం దాకా చదివింది. ఫోన్లో వీడియోలు చూసి వేరే దారి పట్టింది. కొట్టేది కాదు, అరిచేది కాదు. చెప్పినట్టు చేస్తే అప్పటికప్పుడు తినడానికి ఏదో ఒకటి పెట్టేది. చేయకపోతే ఏమీ పెట్టేది కాదు, అంతే. అన్నిటికన్నా ముఖ్యం పిలిస్తే రావడం అనేది. అందుకు ‘రా’ అనే మాట పనికిరాదట, ఇంట్లో రోజుకు యాభై సార్లు అంటాం కనుక. వెతికి వెతికి ‘అందుకో’ అనే మాట పెట్టుకుంది. చివర సాగదీసి, కాస్త పైకి ఎత్తి పిలిచేది. ఆ మాట ఊరికే అనకూడదు. ఒక్కసారే అనాలి. అలా పిలిచి తిట్టకూడదు, కట్టెయ్యకూడదు. వచ్చినప్పుడల్లా చేతిలో ఎండు మెత్తళ్ళ చేప ముక్కో, గుడ్డు పచ్చసొనో ఉండాలి. ఇవీ ఆమె నియమాలు.

“పెళ్ళినాడు పంతులు కూడా నాకిన్ని చెప్పలేదు” అన్నాను. ఆమె నవ్వింది. అప్పట్లో నేను ఏమన్నా నవ్వేది.

మొదట గది లోపల నేర్పింది, తరువాత వాకిట్లో, తరువాత పొలంలో ఎద్దుల పాత పగ్గం మెడకు కట్టి దూరం వదిలి. కోళ్ళ మధ్య, పిల్లల అల్లరి మధ్య. ఆరు నెలలు పట్టింది. ఒకరోజు మిరప తోటలో పగ్గం లేకుండానే తిరుగుతూ కుందేలు వెంట పడింది. ఆమె ఒక్కసారి పిలిచింది. కుందేలుకు నాలుగు మూరల దూరంలో ఉన్న కుక్క గిరుక్కున తిరిగి ఆమె దగ్గరకు పరిగెత్తుకొచ్చింది. కాయలు కోస్తున్న కూలీలు చేతులాపి చూశారు. ఆమె డబ్బాలో ఉన్న చేపలన్నీ దాని ముందు కుమ్మరించి, దాన్నే చూస్తూ కళ్ళు తుడుచుకుంది.

ఆ చూపు నా మీద ఎప్పుడూ పడలేదు. అసూయా? కుక్క మీద అసూయపడ్డానని రాయడానికి సిగ్గేస్తోంది. కానీ ఆ రోజు ఇంటికి వచ్చేటప్పుడు నేను ఒక్క జోకూ వెయ్యలేదు. అది మాత్రం బాగా గుర్తుంది.

అవి ఎన్నికల రోజులు. మా ఆటో స్టాండు మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉంటుంది. ఒక ఉదయం కిరాయిలు లేక అందరం కూర్చుని ఉన్నాం. నా భార్య కాయ కోతకు వెళ్ళింది, కుక్క మా అరుగు మీద పడుకుని ఉంది. ఏం బుద్ధి పుట్టిందో, అచ్చం ఆమె గొంతుతో “అందుకోఓఓ” అన్నాను. బాణంలా వచ్చింది. వంగి, ఖాళీ చెయ్యి దాని ముందు పెట్టి, లీడరు గొంతు ఎత్తుకున్నాను.

“ఓటరు మహాశయా! అందుకో అన్నానే గాని, ఇస్తానన్నానా?”

నవ్వులతో స్టాండు పగిలిపోయింది. మాలో పెద్దవాడు సాంబయ్య బాబాయి కడుపు పట్టుకుని, “ఒరేయ్, ఇంకోసారి అనరా. మా బామ్మర్దికి ఫోన్లో పంపిస్తా” అన్నాడు.

ఇంకోసారి అన్నాను. మర్నాడూ అన్నాను. ఆమె తోటలో ఉన్న వేళ చూసి, దాదాపు నెల రోజులు అన్నాను. పక్క ఊరి ఆటోవాళ్ళు కూడా చూడ్డానికి ఆగేవాళ్ళు.

మొదట్లో కుక్క వచ్చి నా అరచెయ్యి వాసన చూసేది. వేళ్ళ సందుల్లో ముక్కు పెట్టి వెతికేది, మణికట్టు కింద వెతికేది, తరువాత నా ముఖంలోకి చూసేది. పది రోజులకు పరుగు పోయి నడక వచ్చింది. ఆ తరువాత సగం దారిలో ఆగిపోయేది. చివరికి ఒకరోజు అరుగు మీద తలెత్తి, ఇటు చూసి, మళ్ళీ తల కాళ్ళ మధ్య పెట్టుకుంది. “చూశారా, ఓటరుకి తెలివొచ్చింది!” అన్నాను. అంత నవ్వు నేను జన్మలో పుట్టించలేదు. ఎవరో టీ తెచ్చి చేతిలో పెట్టారు. తాగాను.

తెలియక చేశానని రాస్తే ఈ కాగితం దండగ. చదువు లేదు గాని కళ్ళున్నాయి. ఆమె ఆరు నెలలు కట్టుకున్నదాన్ని రోజుకొక ఇటుక చొప్పున పీకుతున్నానని నా కళ్ళ ముందే కనిపించింది. సాయంత్రాలు ఆమె పిలిస్తే కుక్క ఆలోచించి వచ్చేది. “ఎండకు డీలా పడిందేమో” అని నీళ్ళు పెట్టేది ఆమె. నేను పక్కనే ఉండేవాణ్ణి. అప్పుడైనా చెప్పి ఉంటే నాలుగు తిట్లతో పోయేది. కుక్క బతికేది.

ఆ రోజు మధ్యాహ్నం మిరపకాయల బస్తాలు, అదే టిక్కీలు, ఎత్తుకురావడానికి ఆటో తీసుకుని తోటకు వెళ్ళాను. పక్క వరి చేలో ఎలుకల మందు పెట్టారు. నూకల్లో కలిపి గట్టు మీద బొరియల దగ్గర ఉంచారు. చేను రైతు ముందే కేక వేసి చెప్పాడు, నా భార్య కుక్కను దగ్గరే పెట్టుకుంది. టిక్కీకి మూతి కుడుతూ ఒక్క నిమిషం చూపు తిప్పింది. అంతలో అది గట్టెక్కి ఒక బొరియ దగ్గర ముక్కు ఆనించింది.

ఆమె పిలిచింది. చేతిలో చేప ముక్క కూడా ఉంది. అంత దూరానికి అది దానికెలా కనిపిస్తుంది?

కుక్క తలెత్తింది, ఆమెను చూసింది. ఆ చూపు నాకు తెలుసు. స్టాండులో నెల రోజులు చూసిన చూపే. మళ్ళీ తల దించింది. ఒక్కసారే అనాలన్న తన నియమం తప్పి, ఆమె మళ్ళీ పిలిచింది. తరువాత పరిగెత్తింది. మిరప మొక్కలు తొక్కుకుంటూ పరిగెత్తింది. చేరేసరికి అది మూతి నాక్కుంటోంది.

ఆటోలో వేసుకుని గురజాల పశువుల ఆసుపత్రికి బయల్దేరాం. వెనక సీట్లో ఒళ్ళో కుక్కను పెట్టుకుని ఆమె అడిగింది.

“ఎందుకు రాలేదయ్యా? ఇన్నది గదా. నా వంక చూసింది గదా. చూసి కూడా రాలేదేంది?”

నేను అద్దంలో ఆమెను చూశాను. నిజం నాలుక చివర ఉంది. దాని బదులు ఇంకోటి వచ్చింది.

“ఈ మధ్య రెండుసార్లు పిలిస్తే ఒకసారే పెడతన్నావు గదే. ముక్క మిగుల్చుకుంటే కుక్కెందుకు వచ్చిద్ది?”

అలవాటు కుదిరాక అప్పుడప్పుడే పెట్టాలని ఆమె వీడియోల్లో చూసింది. పద్ధతి ప్రకారమే చేసింది. అది నాకు కూడా చెప్పింది.

“అంతేనంటావా?”

“అంతే.”

కొంగుతో దాని మూతి తుడిచింది. తరువాత, “అయితే నేనే చంపుకున్నా” అంది.

కాదు అనలేదు నేను. ఆసుపత్రి వచ్చేదాకా ఆటో తోలాను. డాక్టరు చేయగలిగిందంతా చేశాడు. పొద్దు వాలకముందే అది పోయింది.

ఇన్నేళ్ళలో తిరగేసి తిరగేసి చూసుకున్నాను. ఖాళీ చెయ్యి తప్పా, ఆ ‘అంతే’ తప్పా? మొదటిది వెధవతనం. ఊళ్ళో నాలాంటి వెధవలు ఇంకా ఉన్నారు. రెండోది వేరు. చస్తున్న కుక్కను ఒళ్ళో పెట్టుకున్న మనిషి మీద నా నేరాన్ని తీసి పెట్టాను, ఆమె కాదనకుండా మోసింది. ఎవరూ నన్ను అనుమానించలేదు. స్టాండులో వాళ్ళకు నా ఆటకూ కుక్క చావుకూ ఉన్న ముడి తెలియదు. లేక తెలిసీ ఊరుకున్నారా? వాళ్ళూ నవ్వారు కదా.

ఇక మోయలేక ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. నరసరావుపేటలో ఉన్న మా మరదలు, అంటే నా భార్య చెల్లెలు, కుక్కపిల్లను తెచ్చుకుంది. మొన్న ఫోన్ చేసి, “అక్కా, బొగ్గుకి ఎట్లా నేర్పినావో నాకూ చెప్పవే” అంది. స్పీకర్లో విన్నాను.

“నా పద్ధతి వొద్దే” అంది నా భార్య. “నమ్ముకుంటే ఒకటి చచ్చింది. తిండి పెట్టి నేర్పిస్తే తిండి ఉన్నప్పుడే ఇనుద్ది. బెత్తం ఒకటి తెచ్చి పెట్టుకో. భయముంటే వచ్చిద్ది.”

కుక్క మీద ఒక్కసారి కూడా చెయ్యెత్తని మనిషి అన్న మాట అది. పప్పుకు పోపు వేస్తూ మామూలుగా అంది.

బయటికి వెళ్ళి నేనే మరదలికి ఫోన్ చేశాను. “కొట్టమాకమ్మా, మీ అక్క పద్ధతే మంచిది. చెడగొట్టింది నేను” అన్నాను. అవతల పకపకా నవ్వు. “బావా, నువ్వేం చెప్పినా నవ్వొచ్చిద్ది నాకు. ఈసారి ఎవరి గొంతు ఇది?”

నాదే అన్నాను. ఇంకా నవ్వింది.

నోటితో నిజం చెబితే నమ్మని చోటికి నన్ను నేనే తెచ్చుకున్నాను. అందుకే కాగితం పట్టుకున్నాను. దీనికి గొంతు లేదు. మీరెవరో నాకు తెలియదు, నన్ను చూసి మీకు నవ్వు రాదు. భార్యకు చెప్పావా అని అడిగితే లేదు, ఇంకా లేదు. చెప్పినా క్షమించమని అడగను, ఎనిమిదేళ్ళు మోయించి అడిగే ముఖం లేదు. మరదలి కుక్కపిల్ల మీద బెత్తం పడకముందే చెప్పాలి, అంతవరకు తెలుసు. ఆమె వంటింట్లో ఉంది. గిన్నెల చప్పుడు వినిపిస్తోంది.

చెప్పవలసింది ఇంతే: నువ్వు సరిగ్గానే నేర్పావు. అది నీ మాటే విన్నది. నీ గొంతుతో దాన్ని రోజూ మోసం చేసింది నేను.

రాశాను. కొట్టివేతలు లేకుండా రాశాను.