యూరియా గడ్డి

ఆ ఏడాది చేలన్నీ ఎండిపోగానే మా ఊరు ఊరంతా గుంటూరు వైపు మిరప కోతలకు సుగ్గికి, అంటే కూలికి వలస, పోయింది. నా భార్యా పోయింది. ట్రాక్టరు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్న ఘనుణ్ణి కాబట్టి నేను మిగిలాను. ఇంటికి తాళం వేసి, గొడ్డును ఊళ్లో ఉండేవాళ్ల దగ్గర కట్టేసి పోవడం కోసిగి వైపు మామూలే. పక్కింటి అక్క తన చూడి ఆవును నాకు అప్పగించింది.

"నేనొచ్చేతలికి ఆవూ దూడా బాగుండల్లప్పా," అంది.

నేనేమన్నా తక్కువ తిన్నానా? ఇంటి వెనక బోరింగు నీళ్లు పారే చోట గడ్డికి, పంటకు వేయగా మిగిలిన యూరియా మూడుసార్లు చల్లాను. గడ్డి మోకాలెత్తు లేచింది. కరువులో ఆ పచ్చదనం చూసుకుని తెగ మురిసిపోయాను.

వీధిలో తాళాలు తప్ప మనుషులు లేరు. రోజంతా నేను నోరు విప్పేది ఆ ఆవుతోనే. కొన్నాళ్లకు అది నన్ను నాకడం మొదలుపెట్టింది. చెమట పట్టిన చేతులు, మెడ, చొక్కా, ఏదీ వదిలేది కాదు. నా టవలు నమిలేసింది. నా మీద అంత ప్రేమ చూపిన ప్రాణి ఆ ఏడు మరొకటి లేదు.

కానీ కడుపు నిండా మేస్తున్నా ఆవు చిక్కిపోయింది. గోడలు నాకేది, పాత ఎముకలు కొరికేది. దూడకేమన్నా అవుతుందని భయం వేసి, కుంటుకుంటూ పోయి పశువుల డాక్టరును పిలుచుకొచ్చాను. ఆయన ఆవును చూశాడు, గడ్డిని చూశాడు.

"యూరియా తప్ప ఇంకేమన్నా ఏసినావా?"

"లేదు సార్. కానీ దీనికి నేనంటే శానా ప్రేమ. వదలకుండా నాకుతాంటాది."

"ప్రేమా లేదు గీమా లేదప్పా. నీ చెమటలో ఉప్పుంటాది, అందుకు నాకుతాండాది. ఉత్త యూరియాతో లేచిన గడ్డి పైన పటారం, లోన లొటారం. దీనికి కావల్సిన ఉప్పులు దాంట్లో ల్యావు. ఇట్లే వదిలితే ఆవూ దక్కదు, దూడా దక్కదు."

ఖనిజాల పొడి ఇచ్చి, జొన్న చొప్ప కలిపి మేపమన్నాడు. మేత పెట్టే చోట ఉప్పు గడ్డ వేలాడదీయమన్నాడు.

కొద్దిరోజుల్లోనే ఆవు తేరుకుంది. మేసేది, ఉప్పు గడ్డ నాకేది, పడుకునేది. నేను చెయ్యి చాపితే వాసన చూసి తల తిప్పుకునేది. సంతోషించాల్సింది పోయి నాకు ఏడుపొచ్చింది.

చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఒక మధ్యాహ్నం ఆ ఉప్పు గడ్డ తీసి దాచేశాను. ఆ పొడీ పెట్టలేదు. మూడో రోజు ఆవు వచ్చి నా మోచెయ్యి నాకింది. నిండు పొట్టతో నిలబడి ఆత్రంగా నాకుతూనే ఉంది. కళ్లు మూసుకుని కాసేపు నాకనిచ్చాను. తర్వాత లేచి ఉప్పు గడ్డ మళ్లీ కట్టాను. అది నన్ను దాటుకుని దాని దగ్గరికి పోయింది.