బొంబాయిలో కోదండం బస

కాలేజీలో చదివే కోదండం బొంబాయిలో పెద్ద హోటల్లో దిగి, మామిడికాయలు అమ్మిన డబ్బు తగలేశాడని నూజివీడంతా ఒకటే గుసగుస. అది విని తండ్రి నారాయణరావు ఇక చదువు మానిపిస్తానని కూర్చున్నాడు. అదంతా ఒట్టిది. కోదండం వెళ్ళింది తమ తోట మామిడికాయల లారీలో, సరుకు వెంట. అలా వచ్చిన రైతుకి, కాయలు అమ్మిపెట్టే కమీషన్ కొట్టువాళ్ళే భోజనం, పడక చూస్తారు. అతను ఆ కొట్లోనే బుట్టల మధ్య గడ్డి పరుచుకుని పడుకున్నాడు. ఉన్న ఒక్క తెల్లచొక్కాని సాయంత్రం ఉతికి ఆరేసి, మడతపెట్టి రసాల బుట్ట కింద పెడితే తెల్లారేసరికి ఇస్త్రీ అయ్యేది. అది తొడుక్కుని, జమీందారు బిడ్డలా తల ఎత్తుకుని, ఆ మహానగరమంతా నడిచే చూశాడు.

పక్కింటి పున్నమ్మ ఉండబట్టలేక తండ్రి ఎదుటే అడిగేసింది. "నిజం చెప్పరా, పెద్ద హోటలు గడప తొక్కావా లేదా?"

"తొక్కానత్తా. మంచినీళ్ళు తాగి వచ్చేశాను. గుమ్మం దగ్గరవాడు వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ రెండుసార్లూ సెలాం కొట్టాడు!"