సున్నం బెల్లం పట్టు

మా ఊరికి కృష్ణ నీళ్ల నల్లా వచ్చేనాటికి అమ్మ నోట్లో కింది పళ్లు ఒక్కటీ లేవు. మర్రిగూడ దిక్కు ఫ్లోరైడు బోరు నీళ్లు తాగినవాళ్లం, పళ్లు చెడటం మాకు వింత కాదు. కట్టుడు పళ్లు నిలవక ఏళ్ల తరబడి జొన్నరొట్టెను పాలలో నానబెట్టుకుని మింగింది. ఎండు రొట్టె అంచు కరకరా నమిలి తినాలని ఆమె కోరిక. అంతకుమించి ఏదీ అడగలేదు.

నల్లగొండలో పళ్ల డాక్టరమ్మ కింది దవడ ఎముకలో రెండు మరలు బిగించింది. అవి అతుక్కున్నాక వాటి మీద పళ్లసెట్టు కూర్చోబెడతారు. మరలకు ఒక పూత ఉంటుందట, అది ఎముకలో ఉండే పదార్థమేనట, దాన్ని పట్టుకుని ఎముక తొందరగా పెరుగుతుందట. "ఎముక పల్చగా ఉంది. ఇవి ఊడితే మళ్లీ బిగించడానికి జాగా ఉండదు," అని ముందే చెప్పింది.

అమ్మకు పూత సంగతి అర్థం కాలేదు. నేను సైన్సు టీచర్ని. పోలిక లేకుండా ఏదీ చెప్పలేని రోగం నాది. తిరుగు బస్సులో చెప్పాను: "బెణికితే సున్నం బెల్లం పట్టు ఏస్తం గదమ్మా, గా పూత గసొంటిదే."

అమ్మ తలూపింది. ఎంత బాగా చెప్పానని మురిసిపోయాను కూడా.

పట్టు ఎండి రాలితే మళ్లీ వేయాలి కదా. అది నాకు తట్టలేదు, ఆమెకు తట్టింది. నేను బడికి పోగానే ఆకువక్క సంచిలోంచి సున్నం తీసి, బెల్లంతో నూరి, రోజూ మరల చుట్టూ చిగుళ్లకు పెట్టుకుంది. మండితే మందు పనిచేస్తోందని ఓర్చుకుంది. నెల తిరక్కముందే చిగుళ్లు కాలి, చీము పట్టి, రెండు మరలూ కదిలాయి.

ఏం పెట్టావని డాక్టరమ్మ అడిగితే దాచకుండా చెప్పింది. సూది వేసి రెండూ తీసేశారు. ఇక కుదరదన్నారు. నాకు ఏడుపు రాలేదు, కోపం రాలేదు. మందుల చీటీని నాలుగు మడతలు పెట్టి పర్సులో పెట్టుకోవడమే గుర్తుంది.

బస్టాండులో అమ్మ తిమ్మిరెక్కిన పెదవిని కొంగుతో తుడుచుకుంటూ, మాట ముద్దగా వస్తుంటే అంది:

"నువ్వు మంచిగనే చెప్పినవ్ బిడ్డా. పట్టు నాకే ఎయ్యరాలే."